కొలనులో కొలువు

ఖరగ్‌పూర్ అనగానే విద్యావంతులకు 1951లో హిజ్లీలో ప్రారంభమైన ఐ.ఐ.టి. స్ఫురిస్తుంది. చరిత్ర చదివినవారికి 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో కాల్పులకు బలి అయిన సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా జ్ఞప్తికి వస్తారు. రైలు ప్రయాణికులకు 1072 మీటర్ల పొడవున్న ప్లాట్‌ఫారం గుర్తుంటుంది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి కాని, మా చిన్నతనంలో అంత పొడవైన ప్లాట్‌ఫారం దేశంలో మరొకటి లేదని గర్వంగా చెప్పుకొనేవాళ్ళం. నా మట్టుకు నాకు ఆ ఊరి పేరు వినగానే న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వరుసలు, తెల్లవారుజామున చల్లని నీరు, బ్లీచింగు పొడి వాసన గుర్తుకు వస్తాయి. ఎనిమిదవ ఏట మొదలుపెట్టి పదిహేడవ ఏట వరకు నేను అక్కడ పోటీ ఈతగత్తెను. ఆ తొమ్మిదేళ్ళూ, వాటిని వదలిపెట్టిన తీరూ నా తర్వాతి జీవితానికి ఏమిచ్చాయో నెమరువేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ ఊరి స్వభావం కొంత చెప్పాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, పంతొమ్మిదో శతాబ్ది ముగిసే వేళకు మిడ్నపూర్ జిల్లా ఎర్రమట్టి నేలమీద ఒక కూడలి స్టేషనును నిర్మించింది. దాని వెంట పెద్ద వర్క్‌షాపు, ఆ వర్క్‌షాపు కోసం కార్మికుల కాలనీలు వెలిశాయి. కంపెనీ 1944లో ప్రభుత్వ స్వాధీనమైంది. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయింది. కంపెనీ రోజులనుంచీ ఇచ్ఛాపురం మొదలు విశాఖపట్నం వరకు గల పల్లెలనుంచి మనవారు అదే రైలుమార్గం పట్టుకొని ఉపాధి కోసం ఇక్కడికి వచ్చారు. బిడ్డల చదువుకు ఆంధ్ర హైస్కూలు, మొక్కులకు బాలాజీ మందిరం, వేసవిలో మాతా పూజ ఏర్పరచుకొన్నారు. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో బెంగాలీ, ఆ పై వీధిలో ఒరియా, హిందీ, తమిళం వినిపించే ఆ ఊరిని ‘మినీ ఇండియా’ అనడం పరిపాటి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వాలని నిర్ణయించినప్పుడు నాకు మొదట మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన వర్క్‌షాపులో హిందీ, బజారులో బెంగాలీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడుతూ ముప్పై ఎనిమిదేళ్ళు గడిపారు.

రైల్వే పట్టణానికి మరొక లక్షణం ఉంది. అక్కడ ఎవరూ తమ ఇంటికి యజమానులు కారు. గోడకు మేకు కొట్టేటప్పుడు కూడా ఇది మనది కాదనే స్పృహ ఉంటుంది. పెరట్లో నాటిన మునగచెట్టు కాయలు ఎన్నాళ్ళు తింటామో సర్వీసు రిజిస్టరులోని పుట్టినతేదీ ముందే నిర్ణయించి ఉంచుతుంది. పదవీ విరమణ తరువాత నాలుగు నెలలు మామూలు అద్దె. తగిన కారణం చూపితే హెచ్చు అద్దెపై మరి నాలుగు నెలలు. ఆ తరువాత తాళంచెవి అప్పగించాలి. ఏటా మా వరుసలో ఏదో ఒక కుటుంబం మంచాలు, బీరువా, తులసికోట లారీకి ఎక్కించుకొని వెళ్ళిపోయేది. పిల్లలం వీధి మలుపు దాకా లారీ వెనక పరుగెత్తేవాళ్ళం. వారం తిరక్కుండా అదే ఇంట్లో కొత్తవాళ్ళు పొయ్యి వెలిగించేవారు. ఇందులో విషాదమేమీ మాకు తోచేది కాదు. కొలువున్నన్నాళ్ళు నివాసం, కొలువు తీరగానే ప్రయాణం. ఇది మేము పలక పట్టకముందే నేర్చిన పాఠం.

మా నాన్నగారు వర్క్‌షాపులో టర్నరు. లేత్ యంత్రం మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం ఆయన వృత్తి. నేను ఈతకు వెళ్ళడానికి కారణం మాత్రం మా పక్కింటి బెంగాలీ మాషిమా. బెంగాల్ పల్లెల్లో ఇంటిముందు పుకుర్, అంటే చిన్న చెరువు, లేని ఇల్లు అరుదు. నడక వచ్చిన బిడ్డకు ఈత కూడా రావాలని వారు భావిస్తారు. అందులో ఆడపిల్ల, మగపిల్లవాడు అనే భేదం అంతగా చూడరు. 1988 వేసవిలో ఆవిడ తన ఇద్దరు కూతుళ్ళతోపాటు నన్నూ రైల్వేవారి ఈతకొలనుకు తీసికొని వెళ్ళింది. నెలరోజులకు అక్కడి శిక్షకుడు మా నాన్నగారిని పిలిపించి, ఈ పిల్ల నీటిలో తల నిలబెట్టే పద్ధతి బాగున్నదని, పోటీల జట్టులోకి పంపమని కోరాడు. నాన్నగారు కారణాలు అడగలేదు. ఎన్ని గంటలకు తీసికొనిరావాలని మాత్రం అడిగారు.

అభ్యంతరం మా నాయనమ్మ దగ్గరనుంచి వచ్చింది. “ఆడగుంటకి ఈతేటి? రేపొద్దున దీన్ని చేసుకున్నోడు చేపలు పట్టిస్తాడేటి?” అని ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆవిడకు కష్టం తోచింది ఈత వల్ల అనుకోను. పదిమందిలో తడిబట్టతో ఆడపిల్ల నిలబడడం ఆవిడ మనస్సు ఒప్పుకోలేదు. ఐతే ఆవిడకు తెలిసిన లోకంలోనే దానికి ఒక మినహాయింపు ఉన్నది. వేసవిలో జరిగే మాతా పూజలో ఘటాలు తలమీద పెట్టుకొని స్త్రీలు ఊరేగుతారు. ఇంటింటా వారి కాళ్ళమీద నీళ్ళు పోసి, పసుపు రాసి మొక్కుతారు. తడిసిన చీరలతో నడివీధిలో నడిచే ఆ స్త్రీలను ఎవరూ తేలికగా చూడరు. అప్పుడు ఆ నీరు అమ్మవారిది. మరుసటి సంవత్సరం ఆ ఊరేగింపులో ఘటం మోసి ఇంటికి వచ్చిన నాయనమ్మ, కొలనునుంచి తిరిగివచ్చి తల తుడుచుకొంటున్న నన్ను చాలాసేపు చూసి, “నీటికేటి తెలుసే గుంటా, ఆడో మగో” అన్నది. ఆ తరువాత ఆవిడ ఆ ప్రస్తావన తేలేదు. రోజూ కొబ్బరినూనె వెచ్చచేసి నా తలకు పట్టించేది. బ్లీచింగు పొడి నా జుట్టును పీచులా చేసిన ఆ తొమ్మిదేళ్ళూ ఆ నూనె మానలేదు.

సాధన తెల్లవారుజామున అయిదింటికి మొదలయ్యేది. నాన్నగారు సైకిలు వెనుక నన్ను కూర్చోబెట్టుకొని తీసికొని వెళ్ళి, అటునుంచి అటే వర్క్‌షాపు డ్యూటీకి పోయేవారు. మార్చి చివరనుంచి అక్టోబరు దాకా నీటిలో. చలి నెలల్లో కొలను మూసివేసేవారు కనుక నేలమీద పరుగు, తాడాట, గోడకు కట్టిన రబ్బరు గొట్టాలను లాగడం. శిక్షకుణ్ని పిల్లలందరం ‘దాదా’ అనేవాళ్ళం. ఆయన ఆజ్ఞలు హిందీలో, చీవాట్లు బెంగాలీలో, మెప్పు ఏ భాషా లేకుండా ఒక తల ఊపుతో ఉండేవి. నేను మాత్రం నీటిలో తెలుగులోనే లెక్కపెట్టుకొనేదాన్ని. ముప్పై రెండు, ముప్పై మూడు అని లోపల అనుకొంటూ గోడను తాకి తిరిగేదాన్ని. నీటి అడుగున మనిషికి మాతృభాష తప్ప మరొకటి వినిపించదని నాకు అక్కడే తెలిసింది. ఆడపిల్లల పోటీల్లో అతి పొడవైనది ఆ రోజుల్లో 800 మీటర్లు. స్త్రీలకు 1500 మీటర్ల పోటీ ఒలింపిక్స్‌లో చేరింది 2021లో జరిగిన టోక్యో క్రీడలలోనే. 800 మీటర్లు అంటే ఎంత అని అమ్మ అడిగితే, “మన ప్లాట్‌ఫారంలో ముప్పాతిక వంతు” అని నాన్నగారు చెప్పారు. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్ళకు అంతకంటే స్పష్టమైన కొలత లేదు.

నాన్నగారు ఒక గళ్ళ పుస్తకం పెట్టారు. వర్క్‌షాపులో పనుల కొలతలు రాసుకొనే పద్ధతిలోనే అందులో తేదీ, దూరం, సమయం, నీరు చల్లగా ఉన్నదా లేదా అన్నది కోష్టకాలుగా రాసేవారు. సెకనులో పదోవంతు వరకు దాదా చెప్పిన అంకె వేసేవారు. అభిప్రాయం ఎన్నడూ రాయలేదు. వర్క్‌షాపు సైరనుతో లేచి, సైరనుతో తిని, రైళ్ళ రాకపోకలతో పొద్దు తెలుసుకొనే ఊరిలో కాలాన్ని సెకన్లుగా చీల్చడం ఎవరికీ వింతగా తోచలేదు. మా వరుసలో వాళ్ళు నన్ను చూసినప్పుడల్లా “ఎంతయింది?” అని అడిగేవారు. ఏ బండి ఎంత ఆలస్యమో అడిగే ధోరణి అదే.

మేము పెరిగిన నీటికి ఒక వంశచరిత్ర కూడా ఉన్నది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలుచుకొన్న సచిన్ నాగ్ కలకత్తా కొలనులలో ఎదిగినవాడు. 1958 సెప్టెంబరు 27న ఇంగ్లీషు ఛానల్ ఈదిన మిహిర్ సేన్, 1966లో ఒకే సంవత్సరంలో పాక్ జలసంధి, జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్ఫరస్, పనామా కాలువలను ఈదాడు. వీరందరికంటే మాకు దగ్గరి మనిషి ఆరతీ సాహా. 1940లో కలకత్తాలో పుట్టిన ఆమె పన్నెండేళ్ళయినా నిండకుండానే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదింది. 1959 ఆగస్టు 27న ఛానల్ దాటబోయి, తీరం మరి కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా ఎదురు ప్రవాహం వల్ల విరమించుకోవలసి వచ్చింది. నెల రోజుల తరువాత, సెప్టెంబరు 29న, ఫ్రాన్సు తీరాన దిగి 16 గంటల 20 నిమిషాలు ఈది ఇంగ్లండు గట్టు ఎక్కింది. ఛానల్ దాటిన మొదటి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ వచ్చింది. ఆమె మా రైల్వే ఉద్యోగిని. “మన డిపార్ట్‌మెంటు అమ్మాయి” అని నాన్నగారు ఆమెను గురించి చెప్పేవారు, తన షాపులో పక్క యంత్రం దగ్గర పనిచేసే మనిషిని గురించి చెప్పినట్లు.

నేను ఎంచుకొన్నదీ బ్రెస్ట్‌స్ట్రోకే. 1994 ఆగస్టులో ఆరతీ సాహా మరణించినట్లు వార్త వచ్చింది. ఆమెకు యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. మరునాడు సాధనకు ముందు దాదా మమ్మల్నందరినీ గట్టున వరుసగా నిలబెట్టాడు. మాట్లాడలేదు. కాసేపటికి ఈల వేశాడు, మేము దూకాము. ఆ సంవత్సరమే కలకత్తా సుభాష్ సరోబర్‌లో జరిగిన రాష్ట్రస్థాయి పోటీలలో నా వయోవిభాగంలో 200 మీటర్లు 3 నిమిషాల 4 సెకన్లలో ఈది మూడవ స్థానం తెచ్చుకొన్నాను. హెల్సింకీలో ఆరతీ సాహా సమయం 3 నిమిషాల 40.8 సెకన్లు. అంటే ఒలింపిక్స్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించిన ఆమెకంటే నేను అర నిమిషానికి పైగా తక్కువ సమయంలో ఈదానన్నమాట. పద్నాలుగేళ్ళ వయస్సులో ఆ అంకె నాకు చాలా గొప్పగా కనిపించింది.

తరువాత చరిత్ర చదువుకొన్నాక ఆ అంకె మరొక విధంగా అర్థమైంది. ఆమె కాలంనాటి బ్రెస్ట్‌స్ట్రోక్ నియమాలు వేరు. 1987లో నియమం మారి ప్రతి బారకూ తల ముంచి లేవడానికి అనుమతి వచ్చింది. నేను నేర్చుకొన్నది ఆ కొత్త పద్ధతి. దుస్తుల బట్ట మారింది, సాధన పద్ధతులు మారాయి. ఏ శతాబ్దపు మనిషిని ఆ శతాబ్దపు నీటిలోనే కొలవాలి. రెండు కాలాల అంకెలను పక్కపక్కన పెట్టి ఒకటి గొప్పదని చెప్పడం సులభమే గాని అది చరిత్ర కాదు.

ఇక నా కథలోని చిక్కుకు వస్తాను. ఆ పతకం తరువాత మా వరుసలో ఒక మాట పుట్టింది. రైల్వేలో క్రీడాకారులకు ప్రత్యేకమైన కోటా ఉన్నది. పదవీ విరమణ చేసే ఉద్యోగి కొడుకో కూతురో రైల్వేలోనే పనిచేస్తూ, నిర్ణీత కాలంగా ఆ ఇంట్లోనే కలిసి ఉంటే, అర్హతనుబట్టి ఆ క్వార్టరును వారి పేరిట మార్చే నిబంధన కూడా ఉన్నది. నాన్నగారి పదవీ విరమణ 1998 నవంబరులో. నాకు పద్దెనిమిది నిండేది అదే సంవత్సరం జూన్‌లో. రెండు తేదీలను కలిపి చూసిన ఇరుగుపొరుగువారు, “అమ్మాయి ఈత నిలిస్తే ఇల్లు నిలుస్తుంది” అనడం మొదలుపెట్టారు. వారి మాటలో చెడు లేదు. ఒక్క కొలువు మీద ఇల్లంతా ఆధారపడే చోట అందరూ చేసే లెక్క అది. కాని ఆనాటినుంచి గోడను తాకి తల పైకెత్తినప్పుడు నేను వినే అంకెలో మా అమ్మ వంటగది, నాయనమ్మ మంచం, పెరటి మునగచెట్టు చేరాయి. నాన్నగారు మాత్రం ఈ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లనే అది ఇంట్లో ఎప్పుడూ ఉండేది.

నీరు మాత్రం ఈ లెక్కలేవీ ఎరగదు. ఆడపిల్ల పన్నెండు, పదమూడేళ్ళ వయస్సులో ఏటికేడు సెకన్లను అవలీలగా తగ్గిస్తుంది. ఆ తరువాత శరీరం మారుతుంది. బరువు, తుంటి వెడల్పు పెరుగుతాయి. పెరిగిన బలంలో కొంత ఆ మార్పును మోయడానికే సరిపోతుంది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది కనుక, పై మెట్టున ఒక్క సెకను తగ్గించడానికి కింది మెట్టున పది సెకన్లకు పడినంత శ్రమ పడాలి. కొందరు ఈ గడ్డుకాలాన్ని దాటి రెట్టింపు బలంతో వస్తారు. ఎందరో అక్కడే ఆగిపోతారు. వారిలో శ్రద్ధ లోపించిందని అనడానికి వీలులేదు. గళ్ళ పుస్తకంలో నా ఉత్తమ సమయాలు 1994లో 3 నిమిషాల 4 సెకన్లు, 1995లో 3, 1996లో మళ్ళీ 3. సాధన మాత్రం రోజుకు మూడు కిలోమీటర్లనుంచి అయిదుకు పెరిగింది. భుజం నొప్పి మొదలైంది. తరగతిలో నిద్ర వచ్చేది. నీటిలోకి దిగేముందు కడుపులో ఏదో మెలిపెట్టేది. ఆ బాధ ఓటమి భయం వల్ల వచ్చినది కాదు. మా ఇల్లు లారీ ఎక్కుతుందేమోననే దిగులు.

1997లో రాష్ట్ర పోటీల చివరి పందెంలో నేను 3 నిమిషాల 5 సెకన్లతో ఆరవదాన్నిగా వచ్చాను. హౌరానుంచి తిరిగివచ్చే బండిలో నాన్నగారు కిటికీవైపు కూర్చున్నారు. కోలాఘాట్ వంతెన దాటాక, పుస్తకంలో ఆ అంకె రాసి, మూసి, నాతో ఇట్లా అన్నారు. “చివరి కోత దగ్గరే తెలివి కావాలమ్మా. సైజు వచ్చేసినాక ఇంకో కోత తీస్తే అది స్క్రాపే. నీ సైజు వచ్చేసింది. ఇంక తీయొద్దు.” ఇల్లు సంగతి ఏమిటని నేను అడిగాను. మా మధ్య ఆ మాట రావడం అదే మొదటిసారి. “ఇల్లు రైల్వేవాళ్ళది. నువ్వు మా పిల్లవి” అన్నారాయన. ఖరగ్‌పూర్ చేరేవరకు ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. సాంగత్యానికి ఆ మౌనం చాలింది.

ఆ సంవత్సరం అక్టోబరులో కొలను మూసేవరకు నేను సాధనకు వెళుతూనే ఉన్నాను. మధ్యలో మానడం దాదాకు అవమానమని నాన్నగారి అభిప్రాయం. ఆఖరి రోజున నా వరుసను పదేళ్ళ పిల్ల ఒకతెకు అప్పగించి, నా కిక్‌బోర్డు ఆమెకే ఇచ్చి, దాదాకు పాదాభివందనం చేసి వచ్చాను. ఆయన తల ఊపాడు. మిహిర్ సేన్ దీర్ఘకాలం అనారోగ్యంతో ఉండి కలకత్తాలో కన్నుమూసింది కూడా ఆ సంవత్సరం జూన్‌లోనే. సప్తసముద్రాలను ఈదినవాడన్న పేరు పొందిన ఆ మనిషి చివరి రోజులను గురించి పత్రికలు ఎంత క్లుప్తంగా రాశాయో చూసి, విజయాన్ని ఎట్లా వర్ణించాలో మనకు తెలిసినంతగా దాని తరువాతి జీవితాన్ని ఎట్లా పలకరించాలో తెలియదని నాకు మొదటిసారి అనిపించింది.

మొదటి కొన్ని నెలలు కష్టంగా గడిచాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు కళ్ళు వాటంతట అవే తెరచుకొనేవి. ఎవరైనా “ఎంతయింది?” అని అడిగితే చెప్పడానికి అంకె లేదు. తొమ్మిదేళ్ళపాటు ఊరు నన్ను గుర్తించిన పేరు అంతటితో తీరిపోయింది. ఆ వేళలో ఖరగ్‌పూర్ కాలేజీలో చరిత్ర పాఠాలు నాకు ఆసరా అయ్యాయి. అక్కడ కాలానికి తొందర లేదు. ఒక సెకనుకు బదులు ఒక శతాబ్దం. ఒక వరుసకు బదులు ఒక సామ్రాజ్యం. రోజుకు వంద సార్లు ఒకే గోడను తాకి తిరిగిన మనిషికి పాత పుటలను మళ్ళీ మళ్ళీ తిరగేయడం విసుగనిపించలేదు.

1998లో కేంద్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58నుంచి 60కి పెంచింది. నా సెకన్లు సాధించలేని పనిని ఒక ప్రభుత్వ ఉత్తర్వు చేసి, మా ఇంటికి మరి రెండేళ్ళు ఇచ్చింది. 2000 నవంబరులో నాన్నగారు విరమించారు. నా బి.ఎ. చివరి పరీక్షల కారణంగా అనుమతి పొంది, హెచ్చు అద్దె చెల్లించి, 2001 జూలై వరకు ఉన్నాము. లారీ వచ్చిన రోజున నాన్నగారు ఇల్లంతా కడిగించారు. గోడలకు కొట్టిన మేకులు పీకి, ఆ రంధ్రాలను తానే సున్నంతో పూడ్చారు. “వచ్చేవాళ్ళకి మన గుర్తులెందుకు?” అన్నారు. తాళంచెవి అప్పగించి, రశీదు తీసికొని, మడతపెట్టి జేబులో పెట్టుకొన్నారు. అప్పటికి నాయనమ్మ లేదు. మునగచెట్టు అక్కడే ఉండిపోయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చేస్తున్నప్పుడు, చరిత్రకు దొరికే ఆధారాలన్నీ దాదాపు గెలిచినవారివేనని అధ్యాపకులు తరచు హెచ్చరించేవారు. నాకు వెంటనే ఈత పందెం తోచేది. చివరి పందెంలో ఎనిమిది వరుసలు ఉంటాయి. రికార్డు పుస్తకాలకు ఒకటో రెండో పేర్లు ఎక్కుతాయి. ఐతే ఎనిమిదో వరుసలోని పిల్ల ఆ రోజు రాకపోతే పందెం పందెంగా ఉండదు. మొదటి స్థానానికి అర్థం కల్పించేది మిగతా ఏడుగురి శ్రమ. రైల్వే పట్టణం చరిత్ర కూడా ఇంతే. స్టేషను కట్టిన ఇంజనీర్ల పేర్లు దస్తావేజులలో దొరుకుతాయి. ఇచ్ఛాపురం పల్లెలనుంచి వచ్చి, నలభై ఏళ్ళు ఇనుము చెక్కి, మేకుల రంధ్రాలు పూడ్చి వెళ్ళిపోయిన టర్నర్లు ఆ ఊరిని నడిపించారు. వారికి మిగిలింది తాళంచెవుల రశీదులే.

దాదాపు ఇరవై ఏళ్ళుగా నేను ప్రభుత్వ సేవలో ఉన్నాను. ఈ కాలంలో ఆరు బదిలీలు అయ్యాయి. బదిలీ అయిన ప్రతిసారీ ఛార్జి అప్పగించే కాగితం మీద సంతకం చేస్తాము. పదవిని తన సొంత ఆస్తిగా భావించి, కుర్చీ విడిచేటప్పుడు కలతపడే సహోద్యోగులను చూశాను. పోయేముందు చేసే పనిమీద ఎట్లాగూ శ్రద్ధ అక్కరలేదని చేతులు ముడుచుకొనేవారినీ చూశాను. ఈ రెండింటికీ మధ్య ఒక మార్గం ఉన్నదని నాకు పదిహేడవ ఏటనే తెలిసింది. వరుస మనది కాదని తెలిసీ, ఆఖరి గోడను తాకేవరకు పూర్తి బలంతో ఈదడం. ఆ పైన వచ్చేవారికి నీటిని నిర్మలంగా వదలడం. ఈత క్రమశిక్షణ నేర్పుతుందని అందరూ అంటారు. క్రమశిక్షణ వర్క్‌షాపు సైరను కూడా నేర్పుతుంది. ఈత నాకు నేర్పింది విడిచే పద్ధతి.

క్రీడా పాలనతో సంబంధం ఉన్న పాఠకులు ఈ పత్రికకు ఉన్నారు కనుక ఒక మాట మనవి చేస్తాను. నేను కొలను వదిలే నాటికే మన దేశపు ఈత కేంద్రం బెంగాల్ చెరువులనుంచి బెంగళూరు కొలనులకు తరలిపోతూ ఉన్నది. చలి వల్ల నాలుగైదు నెలలు సాధన ఆగిపోయే చోటికి, ఏడాది పొడవునా నీటిలో ఉండగలిగే చోటికి పోటీ ఎట్లా కుదురుతుంది? దాదాపు నా వయస్సుదే ఐన నిషా మిల్లెట్ బెంగళూరులో సాధన చేసి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదింది. ఈనాడు సౌకర్యాలు ఎంతో పెరిగాయి. ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన బాలబాలికలకు ఏటా 5 లక్షల రూపాయల చొప్పున ఎనిమిదేళ్ళు సహాయం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఇది సంతోషించవలసిన విషయం. ఐతే తొమ్మిదో సంవత్సరాన్ని గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి. పదిమంది పిల్లలు కొలనులో దిగితే తొమ్మిదిమంది పదిహేడు, పద్దెనిమిది ఏళ్ళకు గట్టు ఎక్కుతారు. వారిని ఓడినవారి జాబితాలో వేయకుండా, కొలువు పూర్తిచేసినవారిగా గౌరవంగా సాగనంపే శిక్షకుడు, తండ్రి, వ్యవస్థ ఉంటే, ఆ తొమ్మిదేళ్ళు వృథా కావు. ఒక కుటుంబపు భవిష్యత్తును ఒక బాలిక సెకన్ల మీద నిలపరాదన్నది కూడా ఇందులో భాగమే.

ఆరతీ సాహాను తలచుకొన్నప్పుడు ఇప్పుడు నాకు ఇంగ్లీషు ఛానల్ మొదట గుర్తుకు రాదు. ఆ 16 గంటల 20 నిమిషాల తరువాత ఆమె దాదాపు 35 సంవత్సరాలు జీవించింది. వివాహం చేసికొన్నది, బిడ్డను పెంచింది, రైల్వేలో ఉద్యోగం చేసింది. దస్త్రాలు, హాజరు పట్టీ, జీతం రోజు, ఇంటికి తిరుగు ప్రయాణం. ప్రపంచం చూసిన ఆ ఒక్క రోజుకంటే ఎవరూ చూడని ఆ వేల రోజులను ఆమె ఎట్లా ఈదిందో తెలుసుకోవాలని నాకు కోరిక. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు. నా ఊహలో మాత్రం ఆమె మంచి ఉద్యోగిని.

నాన్నగారు శ్రీకాకుళంలో తన ఎనభై నాలుగవ ఏట కూడా గడియారానికి తాళం తానే ఇచ్చుకొంటున్నారు. గళ్ళ పుస్తకం నా దగ్గర ఉన్నది. ఇప్పుడు పనిచేసే నగరంలో వారానికి మూడు రోజులు ఒక సార్వజనిక కొలనుకు వెళతాను. సమయం చూసుకోను, తెలుగులో లెక్కపెట్టుకోవడం మాత్రం పోలేదు. ఉదయం ఆరు గంటలకు పోటీల పిల్లలు వస్తారు. అయిదూ యాభైకి నేను వరుస ఖాళీ చేస్తాను.